పైపు వేసే చేతికి పరీక్ష ఉండాలె

(వార్షిక మహాసభలో సమాఖ్య కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాది ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చదువుతాం. ఆ లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. ఇప్పుడు చెప్పబోయేది నీళ్ల లెక్క. ఇందులో కూడా మన పైసలే ఉన్నాయి కాబట్టి జర ఓపికతో వినండి.

రెండేళ్ల కింద బోధన్ దగ్గరి ఒక ఊళ్లో మన సభ్యురాలు ఒకామె సంఘం నుంచి అప్పు తీసుకొని, సబ్సిడీకి తన వాటా కట్టి, రెండెకరాల చెరుకుకు డ్రిప్ వేయించుకుంది. పట్నం నుంచి ఒక ఏజెన్సీ మనుషులు వచ్చారు. ఒక్క రోజులో పైపులు పరిచారు, మోటారు వేశారు, మొదటి సాళ్లలో చుక్కలు పడుతుంటే ఫోటో తీసుకున్నారు. కాగితం మీద సంతకం పెట్టించుకొని పోయారు. నెల గడవకముందే ఆమె మీటింగులో లేచి, "అక్కా, ఆఖరు సాళ్లకు నీళ్లు వస్తలేవు. మొదలు పచ్చగ ఉంది, కొస ఎండుతున్నది" అన్నది.

మేము పోయి చూశాం. బోరు నీళ్లలో సన్నటి ఇసుక వస్తున్నది. ఇసుకను వేరు చేసే హైడ్రోసైక్లోన్ పెట్టలేదు, ఒక్క జాలి ఫిల్టర్ బిగించి వదిలేశారు. దాన్ని విప్పి కడగాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేను ఒక పక్కకు వాలి ఉంది. ఆ ఎత్తుపల్లం చూడకుండా పైపులను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక్కటే లాగారు. ఫోన్ చేస్తే రేపు వస్తాం, ఎల్లుండి వస్తాం అన్నారు. చివరికి ఆమె చేసేది లేక కాలువ తీసి వెనకటి లెక్కనే నీళ్లు పారబెట్టింది. ఇప్పుడు ఆ నల్ల పైపులు ఆమె వాకిట్లో చుట్టలు చుట్టి ఉన్నాయి. ఒక ముక్క బట్టలారేసే దండెం అయింది. అప్పు కిస్తీ మాత్రం నెలనెలా కూలి పైసల్లోంచి కట్టింది. ఒక్క కిస్తీ తప్పలేదు. అది మనకు గర్వం కావచ్చు గాని, అక్కలారా, అది మనకు సిగ్గు కూడా. ఆ అప్పు ఇచ్చింది మనం. పని ఎట్లా జరిగిందో చూడకుండా చెక్కు రాసింది మనం.

ఆ రోజు నుంచి మా కార్యవర్గంలో ఒకటే ప్రశ్న. నీళ్ల పైపులు వేసే మనిషికి ఆ పని వచ్చని ఎవరు చెప్పాలి? వాళ్లకు లైసెన్సు ఉండాలా, వద్దా?

మన చుట్టూ చూడండి. ఇంట్లో కరెంటు పని చేసేవారికి వైర్‌మ్యాన్ పర్మిట్ అని ఒకటుంది. ఆటో నడపాలంటే లైసెన్సు కావాలి. విత్తనాలు, ఎరువులు, పురుగు మందులు అమ్మే దుకాణానికి లైసెన్సు గోడకు వేలాడుతూ ఉంటుంది. బోరు బండి సంగతికి వస్తే, ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వాల్టా చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్ల చట్టం అంటారు. దాని ప్రకారం బోరు వేసే రిగ్గు యజమాని తన యంత్రాన్ని రిజిస్టరు చేయించుకోవాలి. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయాలంటే అనుమతి కావాలి. తెలంగాణ వచ్చాక కూడా ఈ చట్టం మనకు నడుస్తున్నది. ఇక డ్రిప్ కంపెనీలు సర్కారు జాబితాలో చేరాలంటే వాటి సామాను మీద ఐఎస్ఐ ముద్ర ఉండాలి.

అంటే భూమిలోంచి నీళ్లు తోడే యంత్రానికి రిజిస్ట్రేషన్ ఉంది, పైపుకు ముద్ర ఉంది. ఆ పైపును చేనులో పరిచే చేతికి మాత్రం ఏమీ అక్కర లేదు. నిన్నటిదాకా వేరే పని చేసిన మనిషి ఇవాళ సంచిలో రెండు పానాలు వేసుకొని వచ్చి "నేను డ్రిప్ ఫిట్టర్ను" అంటే సరిపోతుంది. ముద్ర ఉన్న పైపు తప్పు చేతిలో పడితే ఏమైతదో మన అక్క వాకిట్లో చూశాం.

వెనకట మన ఊళ్లలో ఇట్లా లేదు. చెరువు తూము తెరిచేది, మూసేది, ఏ మడికి ఎంతసేపు పారాలో చూసేది నీరటి. ఆయన ఊరు ఒప్పుకున్న మనిషి. కల్లం దగ్గర ఆయనకు ఇంత ధాన్యమని వాటా ఉండేది. కొస మడికి నీళ్లందకపోతే ఊరంతా ఆయననే అడిగేది. ఆ పని పుట్టుకను బట్టి వచ్చేది, ఆడవాళ్లకు ఇచ్చేది కాదు. ఆ కట్టు మళ్లీ రావాలని మేము అనడం లేదు. కాని జవాబు చెప్పే మనిషి ఒకరుండేవారు. అది మాత్రం మళ్లీ కావాలి.

మన దిక్కు నీళ్ల చరిత్ర చిన్నది కాదు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు దగ్గరుండి కట్టించాడు. ఆ కాలువ నీళ్లు వచ్చాకనే ఇక్కడ చెరుకు పెరిగింది. చెరుకును నమ్ముకొని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని దానికి పేరు. 2015లో అది మూతపడింది. ఆ బాధ ఇక్కడ కూర్చున్న చాలా ఇళ్లకు తెలుసు. చాలామంది వరికి, సోయాకు మళ్లారు. ఇంకా చెరుకు పెడుతున్నవాళ్లు గడను దూరం పంపుకోవాలి, కిరాయి భరించాలి. అట్లాంటప్పుడు నీళ్లలో, కూలిలో మిగిలిందే మిగులు.

చెరుకు ఏడాది పంట. ఏడాది మొత్తం మీద 1500 నుంచి 2500 మిల్లీమీటర్ల నీళ్లు తాగుతుంది. వాన ఇచ్చింది పోను మిగిలింది మనమే ఇవ్వాలి. ఒక ఎకరంలో ఒక్క అంగుళం మందం నీళ్లు నిలబెట్టాలంటే లక్ష లీటర్ల పైమాటే. పారకంలో ఎన్ని అంగుళాలు పెడుతున్నామో మనకే తెలియదు. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది. రైతుకు అది పెద్ద ఆసరా, కాదనం. కాని బిల్లు రాదు కాబట్టి మోటారు ఎంతసేపు నడిచిందో ఎవరూ చూడరు. బోరు ఎండినప్పుడే బిల్లు వచ్చినట్టు. అప్పుడు కొత్త బోరుకు అప్పు ఎక్కడ పుడుతుంది? మళ్లీ మన సంఘంలోనే.

పట్టణం అక్కలకు కూడా ఈ ముచ్చట కొత్తది కాదు. నిజామాబాద్‌లో కొత్త ఇళ్ల ముందు, ఫంక్షన్ హాళ్ల ముందు పచ్చిక వేస్తున్నారు. మన సభ్యుల్లో కొందరు ఆ తోటల్లోనే పని చేస్తున్నారు. ఎండాకాలంలో పచ్చికకు చదరపు మీటరుకు రోజుకు ఐదారు లీటర్లు ఇస్తే చాలు. వంద గజాల పచ్చికకు లెక్క వేస్తే ఐదు వందల లీటర్ల లోపే. చేతి పైపు కింద పదిహేను లీటర్ల బకెట్ పెడితే ఒక నిమిషంలో నిండుతుందనుకోండి. ఆ పైపును గంటసేపు వదిలితే తొమ్మిది వందల లీటర్లు పోతాయి. సగం నీళ్లు రోడ్డు మీదికి పారుతుంటే, వెనక గల్లీలో బిందెల వరుస ఉంటుంది. ఆ తోట వేసిన కాంట్రాక్టరును "ఎన్ని నీళ్లు పడతాయి?" అని అడిగినవారు లేరు.

వేరే దేశంలో ఎట్లా ఉందో కూడా కనుక్కున్నాం. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఉంది. మన తెలుగు పిల్లలు చాలామంది ఉండే డల్లాస్ ఊరు అక్కడిదే. అక్కడ ఇంటి తోటకు నీటి పైపులు అమర్చేవారికి 1979 నుంచి లైసెన్సు చట్టం ఉంది. పరీక్ష రాసి పాస్ కావాలి. పని అయ్యాక ఇంటివారిని వెంటబెట్టుకొని తిప్పి ఎట్లా నడపాలో చూపించాలి. ఎక్కడ ఏ పైపు ఉందో గీసిన పటం చేతికివ్వాలి. తన పేరు, లైసెన్సు నంబరు ఉన్న స్టిక్కరు అతికించి పోవాలి. రేపు నీళ్లు రాకపోతే ఎవరిని అడగాలో ఆ స్టిక్కరు చెబుతుంది. ఇంటి ముందు గడ్డికే వాళ్లు అంత జాగ్రత్త పడుతుంటే, కుటుంబాన్ని సాకే చెరుకుకు మనం ఎందుకు పడొద్దు?

ఈ మాటలన్నీ మేము కార్యవర్గ సమావేశంలో పెట్టాం. అందరూ సరే అంటారనుకున్నాం. అప్పుడు మనలోనే ఒకామె లేచింది. ఆమె భర్త ఇరవై ఏళ్లుగా పైపుల పని చేస్తాడు. "మా ఆయన ఐదో తరగతే సదివిండు. లైసెన్సు అంటే పదో తరగతి కాగితం అడుగుతరు, ఫీజు అడుగుతరు, ఇంగ్లీషుల పరీక్ష అంటరు. మీరు గా చట్టం రావాలె అంటే మా పొయ్యి ఆరిపోవాలె అన్నట్టే గద అక్కా?" అని అడిగింది. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. సమావేశం ఏమీ తేల్చకుండానే ముగిసింది.

తర్వాత ఆయన డ్రిప్ వేసిన చేనుకు పోయాం. సీసా పరీక్ష చేశాం. ఇది మీ అందరికీ నేర్పాలనే ఇవాళ చెబుతున్నాం. పైపు మీద గంటకు 4 లీటర్లు అని రాసి ఉంటే, పావు గంటలో ఒక లీటరు రావాలి. 2 లీటర్లని ఉంటే అర లీటరు రావాలి. చుక్క పడే చోట చిన్న గుంత తీసి గిన్నె పెట్టండి. గడియారం చూసి పావు గంట ఆగండి. గిన్నె నీళ్లు సీసాలో పోసి కొలవండి. మొదటి సాలులో ఒకచోట, నడుమ ఒకచోట, ఆఖరు సాలు కొసన ఒకచోట చేయాలి. మూడింటి మధ్య పదో వంతుకు మించి తేడా ఉండొద్దు.

ఆయన వేసిన చేనులో మొదలుకు, కొసకు తేడా కనిపించనే లేదు. ఫోటో తీసుకొని పోయిన ఏజెన్సీ పని దగ్గర ఇదే పరీక్ష ముందు చేశాం. అక్కడ మొదటి సాలులో లీటరు వస్తే, ఆఖరు సాలులో పావు లీటరు కూడా రాలేదు. యూనిఫాం వేసుకొని వచ్చినవారు తప్పారు, ఐదో తరగతి చదివిన మనిషి పాసయ్యాడు. మాకు అక్కడే తెలిసింది. అడగాల్సింది బడి కాగితం కాదు, పని పరీక్ష. ఆమె అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఆ ప్రశ్నే మన తీర్మానాన్ని మార్చింది.

ఇట్లాంటి దారి మన రాష్ట్రంలో ముందే ఉంది. పురుగు మందుల దుకాణాల వాళ్లలో చాలామందికి వ్యవసాయ చదువు లేదు. అనుభవం ఉంది గాని శాస్త్రం తెలియదు. వాళ్లను వెళ్లగొట్టలేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో 'దేశీ' అని ఒక ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. దుకాణం మూసుకోకుండా, వారానికి ఒక రోజు, సెలవు నాడు తరగతులు. అట్లాగే పని ముందే వచ్చినవారికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కేంద్రం నైపుణ్య పథకంలో ఉంది. మైక్రో ఇరిగేషన్ టెక్నీషియన్ అనే కోర్సు కూడా వ్యవసాయ నైపుణ్య మండలి జాబితాలో ఉంది. కాబట్టి లైసెన్సు అంటే ఉన్నవారి చేతులు నరకడం కాదు. వచ్చినవారికి గుర్తింపు ఇవ్వడం, రానివారికి నేర్పడం, నేర్చుకోమన్నా వినని వారికి పని ఇవ్వకపోవడం.

ఇంకో భయం కూడా మన మధ్య చర్చకు వచ్చింది. లైసెన్సు పెడితే అదొక కొత్త లంచం గేటు కాదా అని. కావచ్చు. వాల్టా చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. బోరు వేయించే ముందు రిగ్గు రిజిస్ట్రేషన్ చూపించమని అడిగినవారు చేతులెత్తండి అని మా సమావేశంలో అడిగాం. ఒక్క చెయ్యి లేవలేదు. మా చేతులు కూడా లేవలేదు. అడిగేవారు లేని చట్టం బీరువాలో పండుకుంటుంది. లైసెన్సు ఎప్పుడు వస్తుందో సర్కారు చేతిలో ఉంది. అడగడం మన చేతిలో ఉంది. అప్పు ఇచ్చేది మనం కాబట్టి ఆఖరి పైసలు ఆపే హక్కు మనకుంది.

అందుకని ఈ ఏడు నుంచి నీళ్ల పనికి సంఘం అప్పు ఇచ్చేటప్పుడు ఈ పద్ధతి పెట్టాలని కార్యవర్గం మీ ముందు ఉంచుతున్నది.

ఒకటి. పని మొదలుపెట్టక ముందు చేను కొలిచి, వాలు చూసి, ఏ పైపు ఎక్కడ వస్తుందో గీసిన పటం ఇవ్వాలి. బోరులో ఇసుక వస్తే హైడ్రోసైక్లోన్, కాలువ నీళ్లో చెరువు నీళ్లో అయితే ఇసుక ఫిల్టర్ ఆ పటంలో ఉండాలి.

రెండు. సామాను మీద ఐఎస్ఐ ముద్రను సభ్యురాలు తన కళ్లతో చూడాలి. బిల్లులో ఆ సంగతి రాయించుకోవాలి. ఎన్నేళ్లు సర్వీసు ఇస్తారో కూడా కాగితం మీద ఉండాలి. నోటి మాట పనికిరాదు.

మూడు. పని చేసిన మనిషి పేరు, ఫోన్ నంబరు ఫిల్టర్ దగ్గర చెరగని రంగుతో రాయాలి. ఫిల్టర్ విప్పి కడగడం, పైపు కొసన మూత తీసి మట్టి నీళ్లు వదలడం ఆయన చేసి చూపించడమే కాదు, మన సభ్యురాలి చేత చేయించాలి.

నాలుగు. గ్రామ సంఘం నుంచి ఇద్దరు పోయి సీసా పరీక్ష చేయాలి. మూడు చోట్ల కొలత రిజిస్టరులో రాయాలి. అది సరిగ్గా ఉంటేనే ఆఖరి వాయిదా పైసలు విడుదల చేయాలి. లేకపోతే సరిచేసిన తర్వాతనే.

సీసా పరీక్ష పాసైన ఫిట్టర్ల పేర్లతో సమాఖ్య ఒక జాబితా పెడుతుంది. మూడు చేన్లలో పాసైతే పేరు ఎక్కుతుంది. ఫిర్యాదు వచ్చి, పదిహేను రోజుల్లో సరిచేయకపోతే పేరు పోతుంది. చదువు అడగం, ఫీజు తీసుకోం. కార్యవర్గ సభ్యుల ఇంటి మనిషైనా ఇదే కొలత. ఆయన పని చూసేందుకు వేరే ఊరి సభ్యులు పోవాలి. మన మీద మాట రాకుండా ఉండాలంటే ఇది తప్పదు.

దీంతోపాటు జిల్లా అధికారులకు ఒక వినతిపత్రం ఇస్తాం. డ్రిప్, స్ప్రింక్లర్, తోటల నీటి పనులు చేసేవారికి పని పరీక్షతో గుర్తింపు కార్డు ఇవ్వాలని, ఆ పరీక్ష తెలుగులో, చేనులోనే జరగాలని, పాతవారికి ఆర్‌పీఎల్ దారి తెరవాలని అడుగుతాం. పట్టణంలో పార్కులు, తోటల పని ఇచ్చేటప్పుడు కూడా ఈ కార్డు చూడాలని అడుగుతాం.

చివరగా మన ఆడపిల్లల సంగతి. డ్రిప్ పైపులు పరిచే కూలి పనిలో ఎక్కువమంది మనమే. ఎండలో పైపు లాగేది మనం, పానా పట్టేది, పైసలు తీసుకునేది వేరేవారు. ఒడిశాలో జలసాథీ అని స్వయం సహాయక సంఘాల మహిళలే పట్టణాల్లో నీటి మీటర్లు చూస్తున్నారు, బిల్లులు వసూలు చేస్తున్నారు, నీళ్ల నాణ్యత పరీక్షిస్తున్నారు. పూరీ పట్టణంలో 2021 నుంచి నల్లా నీళ్లు నేరుగా తాగేలా చేశారు. ఆ పనిలో ఈ మహిళల చెయ్యి ఉంది. వాళ్లు చేయగలిగింది మనం చేయలేమా? ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు అమ్మాయిల పేర్లు ఇవ్వండి. ఇంటర్ ఆపేసి కూర్చున్నవారైనా సరే, కొత్తగా వచ్చిన కోడండ్లైనా సరే. ముందు సీసా పరీక్ష, ఫిల్టర్ శుభ్రం చేయడం నేర్పుతాం. నేర్పేది ఎవరో తెలుసా? ఆ రోజు సమావేశంలో లేచిన ఆమె భర్త. అడగగానే ఒప్పుకున్నాడు. "నా పని నాతోనే పోవద్దు" అన్నాడు.

డ్రిప్ పైపులు చుట్ట చుట్టి పెట్టుకున్న మన అక్క కూడా ఈ సభలోనే ఉన్నది. ఆమె అప్పు తీరింది. పైపులను మళ్లీ పరిచి, వాలుకు సరిగ్గా సబ్‌మెయిన్ మార్చి, హైడ్రోసైక్లోన్ పెట్టేందుకు ఎంతవుతుందో లెక్క కట్టించాం. తప్పులో మన పాలు కూడా ఉంది కాబట్టి ఆ ఖర్చుకు సమాఖ్య వడ్డీ లేకుండా అప్పు ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాం. మొదటి సీసా పరీక్ష ఆమె చేనులోనే చేద్దాం. వచ్చేవారు గడియారం, లీటరు సీసా తెచ్చుకోండి.

ఈ తీర్మానాలకు ఒప్పుకున్నవారు చేతులెత్తండి. ఒప్పుకోనివారు కూడా లేచి ఎందుకో చెప్పండి. పోయినసారి ఒకామె లేచి అడగబట్టే మనం తప్పు దారి పట్టలేదు.